పుదీనా వాసన వేసిన గోలీ

తన చేత్తో తినిపిస్తున్న గోలీల వల్లే అమ్మ చచ్చిపోతుందేమో. దిల్షాద్‌కు అన్నిటికన్నా పెద్ద భయం ఇదే. లారీ మీద పోయిన భర్త లతీఫ్ ఎప్పుడొస్తాడో, పది నెలల నూరీకి పాలు చాలుతున్నాయో లేదో, ఇట్లాంటి భయాలు ఇంకో నాలుగున్నాయి గాని, సోమవారం పొద్దున ఏడుంబావు నుంచి అవన్నీ గడప బయటే ఆగిపోయాయి.

ఆ ఏడుంబావుకు జరిగింది ఇది. తల్లి లాడ్లీ బేగానికి గోలీ ఇద్దామని సీసా వంచితే ఒకటి జారి చాప మీద పడింది. దిల్షాద్ వంగేలోపే నూరీ పాకుతూ వచ్చి దాన్ని నోట్లో వేసుకుంది. దిల్షాద్‌కు పై ప్రాణాలు పైనే పోయాయి. పిల్ల దవడ పట్టుకుని వేలు పెట్టి లాగితే సగం కరిగిన గోలీ బయటికొచ్చింది. ఆ రోజంతా ఒళ్ళో పెట్టుకుని చూసింది. పిల్లకు ఏమీ కాలేదు. కాని ఆ చిన్న నోట్లోంచి గుప్పున పుదీనా వాసన వచ్చింది.

క్యాన్సర్ గోలీకి పుదీనా వాసనేమిటి? పోయిన ఏడాది తల్లికి గొంతు నొప్పి చేసినప్పుడు ఇదే గోలీని చెంచాతో నూరి నీళ్ళలో కలిపి తాగించింది. అప్పుడు ఏ వాసనా లేదు.

ఇది తొంభై నాలుగు, మే నెల. పోయిన ఏడాది మార్చిలో లాడ్లీ బేగానికి పట్నంలో కుడి రొమ్ము తీసేశారు. తర్వాత పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి వేసుకొమ్మని టామోక్సిఫెన్ గోలీలు రాశారు. ఏడో తరగతిలో బడి మానేసిన దిల్షాద్‌కు ఆ పేరు నోరు తిరగలేదు. అది చూసి పట్నం డాక్టరమ్మ, "మీది సాగర్ కాలువ కింది ఊరే కదా. ఒంట్లో ఊరే ఆడ హార్మోను ఈ గడ్డకు నీళ్ళలాంటిది. ఈ గోలీ తూముకు తలుపు. తలుపు వేసి ఉన్నన్నాళ్ళు గడ్డకు నీరందదు. ఐదేళ్ళు వేసి ఉంచాలి," అని విడమరిచి చెప్పింది.

ఆ తలుపు ఎప్పటి నుంచి తెరుచుకుని ఉంది? తెరిచిందెవరు? పది రోజుల కింద తల్లి చంకలో చేతికి తగిలిన గట్టి ముద్ద ఆ తూములోంచే నీళ్ళు తాగిందా? ఎంత ఆలోచించినా దిల్షాద్ బుర్ర గానుగెద్దులా అక్కడక్కడే తిరిగింది.

ఆ తిరుగుడులోనే మంగళవారం పొద్దున గోలీలు కొన్న కురుమయ్య మందుల షాపు ముందు నిలబడి కేకలు పెట్టింది. జనం పోగయ్యారు. ఎస్సై గాలయ్య వచ్చి కురుమయ్యను ఠాణాకు తీసుకుపోయాడు. దిల్షాద్ కుట్టుపని నేర్చుకునే సెంటర్లో టీచరు సావిత్రమ్మ ఇదంతా విని, నల్లగొండలో డిటెక్టివ్ ఆఫీసు నడిపే మంజులతకు ఫోను చేసింది. మంజులత పదేళ్ళు సర్కారు దవాఖానలో మందులిచ్చే పని చేసి, మానేసి ఈ దారి పట్టిన మనిషి. వయసు ముప్పై ఐదు. బుధవారం పదకొండున్నరకు ఆమె బస్సు దిగి సరాసరి ఠాణాకే వచ్చింది.

"వచ్చిండ్రా మేడం," అన్నాడు గాలయ్య కుర్చీలోంచి లేవకుండా. "ఎవలిదన్న మేక తప్పిపోయిందా ఏంది మా ఊర్ల?"

"పోయిన ఉగాదికి మీ ఠాణా సైకిలే పోయిందట గద సార్, దొరికిందా?" అంది మంజులత, ఎవరూ చెప్పకుండానే ఎదుటి కుర్చీలో కూర్చుంటూ.

మూలన బెంచీ మీద కూర్చున్న కురుమయ్య నవ్వబోయి దగ్గాడు. గాలయ్య పిలిపిస్తే నూరీని చంకనేసుకుని వచ్చిన దిల్షాద్‌కు ఎవరి వంక చూడాలో తెలియలేదు. నిన్న తిట్టిన మనిషి ఒక పక్క, రేపు ఏమంటాడో తెలియని పోలీసు ఒక పక్క.

"కేసు అయిపోయింది," అన్నాడు గాలయ్య. "వీడు నకిలీ గోలీలు అమ్మిండు. పేపరోళ్ళు సాయంత్రం వస్తున్నరు."

"చెల్లె, నువ్వు చెప్పు," అంది మంజులత అతన్ని పట్టించుకోకుండా. "గోలీలు ఎప్పుడు కొంటవు?"

"నెల మొదటి తారీకు మేడం. ఆరు పట్టీలు. పట్టీకి పది."

"కొన్నాక?"

"ఇంటికి తెచ్చి అన్నీ ఒక్కపారే ఒలిచి సీసల పోస్త."

"అరవై గోలీలూ ఒక్కపారే? ఎందుకు?"

"మా అమ్మీకి ఆపరేషన్ అయిన దిక్కు చెయ్యి ఉబ్బింది మేడం. వేళ్ళకు బలం లేదు. పట్టీ నొక్కరాదు. నేను లేనప్పుడు అవసరమైతే ఎట్ల అని ఒలిచిపెడ్త."

"ఖాళీ పట్టీలు?"

దిల్షాద్ సంచిలోంచి బిస్కట్ల డబ్బా తీసింది. నెలనెలా ఖాళీ పట్టీలు దారం కట్టి దాచింది. డాక్టరమ్మ చూపించమంటే చూపించాలని దాచింది. మంజులత ఒక్కొక్కటీ వెలుతురుకు పట్టి చూసింది. తర్వాత కురుమయ్య షాపులోంచి గాలయ్య పట్టుకొచ్చిన మూసిన పట్టీల్లో ఒకటి తీసి పక్కన పెట్టింది. రెంటి మీదా కంపెనీ పేరు, నెంబరు, తారీకు ఒక్క తీరుగానే ఉన్నాయి.

"సార్, ఓ నిమ్మకాయ తెప్పిస్తరా?"

"ఎందుకు, దిష్టి తీస్తరా?"

"మీకు కాదులెండి."

ఎదురుగా ఉన్న చాయ హోటల్ నుంచి నిమ్మకాయ వచ్చింది. మంజులత మూసిన పట్టీలోంచి ఒక గోలీ, దిల్షాద్ సీసాలోంచి ఒక గోలీ తీసి, చూపుకు ఒక్క తీరుగా తెల్లగా ఉన్న రెంటినీ రెండు సాసర్లలో పెట్టి నలిపింది. రెండిటి మీదా నిమ్మరసం పిండింది. పట్టీలోని గోలీ పొడి తడిసి ఊరుకుంది. సీసాలోని గోలీ పొడి చుయ్యిమని పొంగి నురగ కక్కింది. బల్ల చుట్టూ పుదీనా వాసన.

"అయ్యో, గది సోడా గోలి మేడం!" కురుమయ్య బెంచీ మీంచి లేచాడు. "తిన్నదరగకుంటే, పుల్లటి తేన్పులొస్తే ఇస్తం. పది పైసలకొకటి."

"నీ షాపులదేనా?" అన్నాడు గాలయ్య.

"నా షాపుల డబ్బా నిండ ఉన్నయి సార్."

"ఒప్పుకున్నడు! రాసుకోవయ్యా," అని గాలయ్య కానిస్టేబుల్‌ను పిలిచాడు.

"ఆగండి," అంది మంజులత. "మోసం చెయ్యాలనుకునే షాపాయన పట్టీల లోపలే తప్పుడు గోలీ అమ్ముతడు. మూసిన పట్టీల మంచి గోలీ అమ్మి, వెనకనే ఆమె ఇంటికి పోయి సీసల సోడా గోలీ కలుపుతడా? పట్టీలు మంచివే. సీసనే పాడైంది. అంటే మారింది షాపుల కాదు, ఇంట్ల."

గాలయ్య మీసం దువ్వాడు. కొంచెంసేపు సాసరు వంక, తర్వాత దిల్షాద్ వంక చూశాడు.

"బాగ చెప్పిండ్రు మేడం. నేనే చెప్పాల్సింది మీరు చెప్పిండ్రు. ఏమమ్మా, గోలీలు కొనేది నువ్వు. ఒలిచేది నువ్వు. సీసల పోసేది నువ్వు. మింగించేది నువ్వు. ఇగ నడుమ ఎవలున్నరు చెప్పు?"

దిల్షాద్ లెక్క చూసుకుంది. అతను చెప్పిందాంట్లో ఒక్కటీ అబద్ధం లేదు. కొన్నది తనే. ఒలిచింది తనే. పోయిన నెల నూరీకి జ్వరం వచ్చి నాలుగు రాత్రులు కన్నంటుకోలేదు. ఆ మత్తులో ఏ డబ్బా తీసి ఏ సీసాలో పోసిందో! ఇంట్లో సోడా గోలీలు ఉన్నాయా? ఉంటే తనకెందుకు గుర్తు లేదు? గుర్తు లేకపోవడమే గుర్తా? తన మీద తనకే అనుమానం వచ్చేసరికి పిల్లను ఇంకా గట్టిగా హత్తుకుంది. నూరీ ఏడుపు మొదలుపెట్టింది.

"ఇల్లు తల్లి పేరు మీద ఉంది. అల్లుడు లారీ నౌకరి. ముసలామె పోతే ఇల్లెవలిదైతది?" అన్నాడు గాలయ్య.

"నలభై ఆరేళ్ళ మనిషిని ముసలామె అనకుండ్రి సార్. మీకన్న రెండేండ్లు చిన్నది," అంది మంజులత. "కురుమయ్యా, నీ సోడా గోలీలు ఈ నడుమ ఎక్కువెక్కువ కొన్నోళ్ళెవరు?"

"ఎండకాలం మేడం, ఊరంత కొంటది."

"ఒకటి రెండు కాదు. యాభై, అరవై ఒక్కపారి కొన్నోళ్ళు."

కురుమయ్య నెత్తి గోక్కున్నాడు. "ఒకామె ఉంది. బురఖల వస్తది. మొఖం నాకేం ఎరుక? మూడుసార్లొచ్చింది. మూడుసార్లూ ఎనిమిదిన్నరకే, నేను షట్టరు లేపంగనే. మొదటి బోణి. యాది ఎందుకుందంటే మేడం, పైసలిచ్చుడూ ఎడమ చేత్తోనే, గోలీల పొట్లం అందుకునుడూ ఎడమ చేత్తోనే. పొద్దుగాల బోణి ఎడమ చేత్తో చేస్తే ఎవలికి మంచిగనిపిస్తది? ఒకనాడు అననే అన్న, కుడి చెయ్యి జాపమ్మా అని. ఉలకలే పలకలే. ఎడమ చెయ్యి అట్లనే పట్టుకుని నిలబడ్డది."

"గొంతు?"

"నోరిప్పది. ఖాళీ సోడా గోలి కాయితం చూపిస్తది, ఎన్ని కావాలో వేళ్ళు చూపిస్తది."

మంజులత చప్పున దిల్షాద్ వైపు తిరిగింది. దిల్షాద్‌కు ఆ చూపు అర్థం కాలేదు.

"బోణి సంగతులు పెట్టి కేసు నడుపుతరా మేడం?" గాలయ్య పకపకా నవ్వాడు. "సరే. నాలుగు గంటలదాక టైమిస్తున్న. నాలుగింటికి నేను వాళ్ళింటికొస్త. అప్పటిదాక తేల్చకపోతే ఈ పిల్లను తీస్కపోత. పసిపిల్ల సంగతి మీరే చూసుకోండ్రి."

*

ఒంటిగంటకు ఇంటికి చేరారు. రెండు గదులు, ముందు వసారా. లోపలి గదిలో లాడ్లీ బేగం మంచం మీద గోడకానుకుని కూర్చుని ఉంది. కుడి చెయ్యి దిండు మీద ఉంది, భుజం నుంచి మణికట్టు దాకా నున్నగా ఉబ్బి. "వచ్చినవా బేటీ? ఎవరీమె?" అంది.

"దవాఖానల పనిచేసిన మేడం, అమ్మీ. నిన్ను చూడనీకి వచ్చింది," అంది దిల్షాద్. తల్లికి గోలీల సంగతి ఇంకా చెప్పలేదు. తెలిస్తే భయపడుతుందని.

మంజులత గడపలోనే ఆగి చూసింది. సీసా ఉండే గూడు మంచానికి జానెడు దూరం. గూటి కింద చాప. చాప ఒక పక్క కొత్తదిలా ఉంది, మంచం దగ్గరి పక్క మటుకు నలుగురు కూర్చుని లేచినట్టు నలిగి ఉంది.

"మీ ఇంటికి చుట్టాలెక్కువా, చెల్లె?"

"ఎవరొస్తరు మేడం? ఈ రోగం వచ్చినకాడికెళ్ళి అంటుకుంటదని ఎవరూ గడప తొక్కలే. దర్వాజ కాడికెళ్ళే మాట్లాడి పోయేటోళ్ళు."

"నువ్వు సెంటర్‌కు ఎన్నింటికి పోతవు?"

"ఎండలు గద, ఎనిమిదింటికి పోయి పదకొండింటికొస్త. పిల్లనెత్తుకునే పోత."

"చాయ రోజుకెన్నిసార్లు పెడ్తవు?"

"రెండుసార్లు. ఇద్దరమే గద."

మంజులత పెరటి గుమ్మం దాటి మోరీ దగ్గర మూరెడు కర్ర తీసుకుని మట్టి కదిపింది. ఎండి చిక్కటి చాయపత్తి, అరచేతి మందాన పేరుకుని ఉంది. ఇద్దరి చాయకు అంత పత్తి పోగుపడదు. వంటగదిలో గోడవార ఆరు గ్లాసులు కడిగి బోర్లించి ఉన్నాయి. అమ్మీకి ఏమీ తోచక గ్లాసులన్నీ కడుగుతోందేమోలే అనుకుంది ఇన్నాళ్ళూ దిల్షాద్. చాయపత్తి నెలకు రెండు పొట్లాలు అవుతుంటే ఎలుకలేమో అనుకుంది. తలుచుకుంటే ఇప్పుడు సిగ్గనిపించింది. ఎలుకలు చాయ తాగుతాయా?

కొక్కేనికి తల్లి నల్ల బురఖా వేలాడుతోంది. ఆపరేషన్ అయినాక పట్నం దవాఖానకు తప్ప తల్లి ఎక్కడికీ పోలేదు. పట్నం పోయి మూడు నెలలైంది. మంజులత ఆ బురఖా అంచు ఎత్తి చూపించింది. అంచు పొడుగునా ఎర్రమట్టి, పల్లేరుగాయలు మూడు.

"ఇది నువ్వు వేసుకుంటవా?"

"నాది వేరే ఉంది మేడం."

దిల్షాద్ తల తిరిగిపోయింది. దొంగ ఎవరో అమ్మ బురఖా వేసుకుపోతోందా? అమ్మ నిద్రపోతుంటే ఇంట్లోకి వచ్చి, బురఖా తీసుకుని, గోలీలు కొని, మళ్ళీ వచ్చి...? అట్లా ఎవరికి కుదురుతుంది? అమ్మ మీద అంత పగ ఎవరికి?

మంజులత కుండలోంచి చెంబుతో నీళ్ళు ముంచి లాడ్లీ బేగం ముందు పట్టుకుంది. "ఎండకు దప్పికైతదేమో, తాగు పెద్దమ్మా."

లాడ్లీ బేగం చెయ్యి చాపింది. ఎడమ చెయ్యి.

వేరే చెయ్యి ఆమెకు లేవదు. ఏడాదిగా దిల్షాద్ రోజూ చూస్తున్నదే. చెంబు, గిన్నె, దువ్వెన, నూరీ బుగ్గ, అన్నీ ఆ చేత్తోనే. రోజూ చూడడం వల్లనే ఠాణాలో కురుమయ్య మాట వింటున్నప్పుడు తట్టలేదు. బోణి చేసిన ఆ ఎడమ చెయ్యి ఎవరిదో ఇప్పుడు తట్టింది.

"అమ్మీ," అంది. "నువ్వా?"

లాడ్లీ బేగం చెంబు దించింది. కూతురి మొఖం చూసి, మంజులత రెండో చేతిలోని గోలీల సీసా చూసింది. బుకాయించలేదు.

"తెలిసిపాయెనా?" అంది చివరికి.

"ఎందుకు అమ్మీ? సావాలనా? నేనేం తక్కువ చేసిన నీకు?"

"సావాలని ఎవరన్నరే! గట్లనకు." లాడ్లీ బేగం గొంతు చిన్నదైంది. "నాకు నెలలు ఆగిపోయినయి గద, ఈ దవ ఏసుకున్నంక. ఒకనాడు సందుల ఆడోళ్ళు దర్వాజ కాడ నిలబడి మాట్లాడంగ చెప్పిన. రంజాన్ వస్తుండె. బయటుంటే రోజా ఉపాసం ఉండొద్దు గద, నడుమ నాలుగైదు రోజాలు పోతయి, మళ్ళ అవి ఒంటరిగ తీర్చుకోవాలె. ముప్పయ్యీ ఆగకుండ ఉండాలని అందరికీ ఉంటది. 'ఖాలా, ఆ గోలీ మాకూ ఇయ్యవా' అన్నరు."

"షాపుల అడగొచ్చు గదా?" అంది మంజులత.

"కురుమయ్యను ఏమని అడుగుతరు మేడం? మొగాయన. నలుగురు మొగోళ్ళు నిలబడ్డకాడ, నెల ఆపే గోలీ ఇయ్యమని అడుగుతరా? నా కాడైతే సిగ్గులేదు."

"అడిగితే ఇచ్చేసినవా, అమ్మీ! నీ పానం గోలీలు!"

లాడ్లీ బేగం ఎడమ చేత్తో చాప చూపించింది. "ఏడాది. ఏడాదిల ఆ చాప మీద ఎవరన్న కూసున్నరా? నా చేతి నీళ్ళు తాగిన్రా? నా అక్క బిడ్డ పెండ్లికి నన్ను పిలిచి, వేరే ప్లేటుల పెట్టి, ఆ ప్లేటు పారేసిన్రు. నేను చూసిన. గోలీల కోసం వచ్చిన్రు సరే. కూసున్నరు. నేను పెట్టిన చాయ నా గ్లాసులల్ల తాగిన్రు. ఒకామె నా నెత్తికి నూనె రాసింది బేటీ. మన సందుల సుక్కమ్మ సుత వచ్చింది, తమ్ముని పెండ్లికి పోయేదుందని వారానికి సరిపోను గోలీలు తీస్కపోయింది. మొదాలు సాయంత్రందే ఇచ్చిన, పొద్దుటిది నేనే ఏసుకున్న. తర్వాత... పొద్దుటిది సుత పోయింది. సీస ఖాళీ ఉంటే నువ్వు చూస్తవని సోడా గోలీలు తెచ్చి కలిపిన."

దిల్షాద్ ఏడవలేదు. ఏడుపు రావాల్సిన చోట ఏదో అయోమయం అడ్డం పడింది. తల్లిని కొట్టాలని ఉంది. ఆమె తలకు తనే రోజూ నూనె రాస్తే బాగుండేదనీ ఉంది. ఆ నూనె రాసిన మనిషి ఎవరో కనుక్కుని రెండు తన్నాలని ఉంది, ఆమెకు దండం పెట్టాలనీ ఉంది. ఏదీ తేలక నూరీని తీసుకుపోయి తల్లి ఒళ్ళో పెట్టింది.

*

నాలుగింటికి వస్తానన్న గాలయ్య మూడున్నరకే దిగాడు. వసారాలో నిలబడి మంజులత చెప్పిందంతా విని, టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"అంటే దొంగ ఎవలు? ముద్దాయి ఎవలు? ఫిర్యాది ఎవలు? ముగ్గురూ ఒకే మంచం మీద కూసున్నరు!"

"ఏ సెక్షన్ పెడ్తరు సార్? ఒకామె తన మందు తానే ఇచ్చుకుంది."

"మీకు పేరొచ్చిందని సంబరపడకుండ్రి మేడం. పేపరోళ్ళకు నేనేం చెప్పాలె?"

"కురుమయ్యను ఇంటికి పంపినమని చెప్పుండ్రి. అదొక్కటే మంచి వార్త."

గాలయ్య గొణుగుతూ గుమ్మం దిగాడు. మంజులత లాడ్లీ బేగం దగ్గరికి వచ్చి కూర్చుంది. ఇప్పుడు ఆమె గొంతులో పోట్లాట లేదు.

"పెద్దమ్మా, సోమవారం పట్నం పోయి డాక్టరమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాలె. ఎన్ని నెలలు మందు పోలేదో దాచొద్దు. ఆ ముద్ద ఏందో వాళ్ళే చూసి చెప్తరు. సరేనా? ఇంకొకటి చెప్పు. రంజాన్ అయిపోయి రెండు నెలలు దాటింది. రోజాలు లేవు, పెండ్లి లేదు. మరి మొన్నటిదాక గోలీలు ఎవరికి పోతున్నయి?"

లాడ్లీ బేగం తల వంచుకుంది.

"హలీమాకు."

హలీమా మూడిళ్ళ అవతల మక్సూద్ భార్య. ఇరవై ఆరేళ్ళు, ముగ్గురూ ఆడపిల్లలే. దిల్షాద్‌కు తెలుసు; ఎదురుపడితే నూరీ గడ్డం పట్టుకుని ఊపి పోయే మనిషి.

"నా నెత్తికి నూనె రాసింది ఆమెనే. మొగపిల్లగాడు పుట్టేదాక పిల్లల ఆపరేషన్ వద్దంటడట మక్సూద్. ఆమె పానం విసిగింది. 'ఖాలా, నెలే రాకపోతే కడుపెట్లొస్తది? నాకీ గోలీ విడవకుండ ఇయ్యి' అని కాళ్ళు పట్టుకుంది. ఆమెకు రంజాన్‌ల ఆగిన నెల ఇప్పటిదాక రాలే. గోలీ మంచిగ పనిచేసింది. ఈ పదిహేను రోజులకెళ్ళి వాంతులైతున్నయి అన్నది. నాకు పట్నం డాక్టరమ్మ చెప్పిన మాటే నేను ఆమెకు చెప్పిన. వాంతులొచ్చినా ఆపొద్దు, అలవాటైతది అని."

మంజులత లేచి నిలబడింది. అంతసేపూ గాలయ్య ముందు ఒక్క వెంట్రుక కదలని మనిషి, ఇప్పుడు గోడ పట్టుకుంది.

"ఏమైంది మేడం?" అంది దిల్షాద్.

"ఆమె నెల గోలీతో ఆగలేదు చెల్లె. ఈ మందు వయసుల ఉన్నోళ్ళకు నెల ఆపితే ఆపుతది, లేకుంటే లేదు. కడుపు మటుకు ఆపదు. పిల్లలు కానోళ్ళకు కడుపు నిలవాలని ఇదే మందిచ్చే డాక్టర్లు సుత ఉన్నరు. రంజాన్‌ల ఆగి, ఇప్పుడు వాంతులు. మూడో నెల నడుస్తుంది ఆమెకు."

"యా అల్లా," అంది లాడ్లీ బేగం.

"కడుపుల బిడ్డ ఉండంగ ఈ మందు ముట్టొద్దు. బిడ్డకు మంచిది కాదు. ఆమె ఇది ఏసుకుంటున్నన్నాళ్ళు, కడుపుల బిడ్డ ఉందని ఆమెకే తెల్వదు. పోదాం పా, వాళ్ళింటికి."

"లేదు మేడం." లాడ్లీ బేగం ఎడమ చేత్తో నోరు మూసుకుని, మళ్ళీ తీసింది. "శనివారం నాడు పుట్టింటికి పోయింది, పిల్లల తీస్కొని. నాకాడ ఉన్నవన్నీ ఊడ్చి ఇచ్చిన. నలభై ఉంటయి. నేను లేని దగ్గర ఆమెకెట్ల దొరుకుతయని."

"పుట్టిల్లు ఎక్కడ?"

"అచ్చంపేట అంటది. అచ్చంపేట కాదు, అక్కడ దిగి అడివి దిక్కు ఇంకో బండెక్కాలె అన్నది. ఊరి పేరు నేనెన్నడు అడగలే."

మంజులత, నూరీని ఎత్తుకుని దిల్షాద్, మక్సూద్ ఇంటికి పరుగెత్తారు. తాళం. అతను మామిడికాయల లోడుతో పోయాడని, ఎప్పుడొస్తాడో తెలియదని పక్కింటివాళ్ళు చెప్పారు. ఊరి పేరు వాళ్ళకూ తెలియదు. సంగతి విని వెనక్కొచ్చిన గాలయ్య ఈసారి ఏమీ వెటకారం చెయ్యలేదు. ఠాణా నుంచి అచ్చంపేటకు ట్రంక్ కాల్ పెట్టాడు. గంటన్నర తిప్పినా లైను కలవలేదు. మంజులత ఆ ఠాణా బల్ల మీదే హలీమాకు అందాలని పన్నెండు చీటీలు రాసి, దేవరకొండ మీదుగా ఆ దిక్కు పోయే బస్సుల కండక్టర్లకు ఇచ్చింది. ఏమని రాయాలో దిల్షాద్‌ను అడిగితే, గోలీ ఆపి దవాఖానకు పొమ్మని రాయించింది. రాయించేటప్పుడు ఆమెకు ఒక్కటి మాత్రం స్పష్టంగా తెలుసు: తనకు నూరీ కడుపులో ఉన్నప్పుడు మూడో నెలలో వాంతులయ్యేవి. అప్పుడు ఎవరైనా వచ్చి ఒక్కమాట చెబితే తను ఎంత శ్రద్ధగా వినేదో.

ఆరున్నర బస్సులో మంజులత, దిల్షాద్, ఒళ్ళో నూరీ. అచ్చంపేట దగ్గర దిగితే అడివి దిక్కుకు దారులు ఎన్నో ఉన్నాయి. ఊళ్ళు ఎన్నో. రోజుకు రెండు గోలీల లెక్కన హలీమా దగ్గర ఇంకా చాలా రోజులకు సరిపోయేన్ని ఉన్నాయి.

చదువుతున్న మీది ఆ దిక్కయితే, ఈ పుస్తకం పక్కన పెట్టి ఒక్కసారి లేవండి. ముగ్గురు ఆడపిల్లలతో శనివారం పుట్టింటికి వచ్చిన హలీమా మీ వాడలో ఉందేమో చూడండి. మగవాళ్ళయితే ఇంట్లో ఆడవాళ్ళను పంపండి. చాప మీద ఆమె పక్కన కూర్చోండి, ఆమె చేతి నీళ్ళు తాగండి, పొద్దున వాంతులవుతున్నాయా అని అడగండి. తిట్టకండి. తిడితే చాటుకు పోయి మింగుతుంది. ఆ గోలీలు మెల్లగా చేతిలోంచి తీసుకుని, ఆమెను దవాఖానకు తోలుకుపొండి.